మా కారు రేడియో

కర్లపాలెంలో మా ఇంటి పక్కన, రేకుల పంచ కింద ఒక పాత ప్రీమియర్ పద్మిని కారు ఉంటుంది. మా నాన్న దానిని 1984లో బ్యాంకు అప్పుతో కొన్నారు. దాదాపు ఇరవై సంవత్సరాలు అద్దెకు తిప్పి, ఆ సంపాదనతోనే నన్నూ మా చెల్లెలినీ చదివించారు. పురిటి నొప్పులు వచ్చిన ఆడవారిని అర్ధరాత్రి వేళ బాపట్ల ఆసుపత్రికి చేర్చింది ఆ కారే. తెనాలి స్టేషనులో రైలు అందుకోవలసిన పెద్దలను వేళకు దించింది ఆ కారే. చుట్టుపట్ల ఎన్నో ఊళ్ల పెండ్లికొడుకులు అందులో ఊరేగారు. ఇప్పుడది నెలకు రెండు మూడు సార్లకు మించి కదలదు. అయినా ప్రతి సాయంకాలమూ నాన్న వెళ్లి దాని ముందు సీటులో కూర్చుంటారు. కారు ఎక్కడికీ పోదు. ఆయన రేడియో వింటారు.

ఆ రేడియో కారుతోపాటే వచ్చింది. అందులో క్యాసెట్టు లేదు, ఎఫ్.ఎం. లేదు. ఉన్నది మీడియం వేవ్ ఒక్కటే. ముందు భాగాన ఎడమవైపు గొంతు పెంచే మర, కుడివైపు స్టేషను మార్చే మర, వాటి నడుమ దంతం రంగులో అయిదు మీటలు. నాకు ఆ మీటలంటే చిన్ననాటి నుండి గొప్ప ఆశ్చర్యం. ఒక మీటను బయటికి లాగి, కావలసిన స్టేషనును మరతో వెదికి పట్టుకొని, మీటను మళ్లీ లోనికి నొక్కితే చాలు. ఆ స్టేషను ఆ మీటకు కట్టుబడిపోతుంది. విద్యుత్తుతో పనిలేని జ్ఞాపకశక్తి అది. ఇంటి రేడియోలలో పలకలు తిరిగి స్టేషను మారుతుంది. కారు గతుకులలో ఎగిరెగిరి పడుతుంది కనుక ఆ పద్ధతి అంతగా నిలవదు. అందుచేత తీగచుట్టల లోనికి సన్నని కడ్డీలు జొరబడుతూ, వెలికి వస్తూ స్టేషను మార్చే ఏర్పాటు చేశారు. మీటను నొక్కినప్పుడు లోపల కదిలేవి ఆ కడ్డీలే. మొదటి మీట మాకు ఎప్పుడూ విజయవాడే. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద పలికేది. నాన్నకు ఆ అంకె తెలియదు. ఆయన లెక్కలో అది “మొదటి మీట”.

కారులో రేడియో పెట్టాలన్న ఆలోచన మనదేమీ కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు తమ కారులో ఒక రేడియోను అమర్చుకొని, అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభ దగ్గరకు నడుపుకొని వెళ్లి, వచ్చిన వారికి వినిపించి గిరాకీ సంపాదించారు. ఆ రేడియోకు వారు పెట్టిన పేరే మోటరోలా. తరువాత ఆ సంస్థకే ఆ పేరు స్థిరపడింది. మన దేశంలో రేడియో వినడానికి లైసెన్సు కావలసి వచ్చేది. తపాలా కచేరీలో ఏటా రుసుము కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980వ దశకం నడిమికి ఆ బాధ తప్పింది. మేము కారు కొన్ననాటికి అది చివరి దశలో ఉండేదని నాన్న చెబుతారు.

ఆ రేడియో మా ఊరికి ఒకసారి ఎంత అవసరమయిందో చెప్పకుండా తక్కిన కథ చెప్పలేను.

మాది తీరానికి దగ్గరి నేల. తుపాను పేరు వింటే మా పెద్దలు పనులు ఆపి ఆకాశం వంక చూసేవారు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేసినప్పుడు పదివేల మందికి పైగా మరణించారు. నేనప్పుడు అమ్మ ఒడిలో పసివాణ్ణి. ఆ తరువాత పదమూడేళ్లకు, 1990 మే 9న, మరొక పెనుతుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆ సారి ప్రభుత్వం లక్షకు పైగా జనాన్ని ముందే తరలించింది. అయినప్పటికీ వందలాది మంది ప్రాణాలు పోయాయి.

మా ఊళ్లో గాలి తగ్గేసరికి కరెంటు స్తంభాలు నేలకు ఒరిగి ఉన్నాయి. తాటిచెట్లు దారికి అడ్డంగా పడ్డాయి. ఇళ్లలోని చిన్న రేడియోలలో కొన్ని తడిసిపోయాయి, కొన్నింటి బ్యాటరీలు నీరసించాయి. కొత్త బ్యాటరీలు అమ్మే దుకాణం పైకప్పే లేచిపోయింది. నాన్న ముందుచూపుతో కారును బడి గోడ చాటుకు చేర్చి ఉంచారు. మరునాడు ఆ కారు చుట్టూ యాభై అరవై మంది గుమిగూడారు. నాన్న తలుపులు నాలుగూ తెరిచి, ఏరియల్ కడ్డీని పూర్తిగా పైకి లాగి, మొదటి మీట నొక్కారు. రేడియోను వార్తల వేళకు మాత్రమే పెట్టేవారు. వార్తలు అయిపోగానే కట్టేసేవారు. బ్యాటరీ దిగిపోతుందేమోనని మధ్యలో కొద్దిసేపు ఇంజను నడిపేవారు. పెట్రోలు కూడా దొరకని రోజులు కనుక ఆ కొద్దిసేపు కూడా లెక్క చూసుకొనే.

ఆ గుంపులో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె కూతురిని నిజాంపట్నం వైపు ఒక పల్లెకు ఇచ్చారు. ప్రతిసారీ వార్తలు పూర్తి కాగానే ఆమె నాన్నను అడిగేది: “మా అమ్మాయి ఊరు పేరు చెప్పాడా నాయనా?” నాన్న “ఇంకా చెప్పలేదు పిన్నీ, ఈసారి చెబుతాడేమో” అనేవారు. రేడియో ఆ ఊరి పేరు చెప్పనే లేదు. మూడవ రోజు మధ్యాహ్నం ఆమె అల్లుడు మోకాలి లోతు బురదలో నడిచి వచ్చి, అందరూ క్షేమమేనని చెప్పాడు. ఆ సాయంత్రం వార్తల వేళకు కూడా ఆ ముసలమ్మ వచ్చి కారు పక్కన నిలబడింది. ఎందుకు వచ్చావని ఎవరో అడిగితే, తక్కినవాళ్ల ఊళ్ల పేర్లు వినవద్దా అన్నది.

తరువాత క్యాసెట్ల కాలం వచ్చింది. ఫిలిప్స్ సంస్థ 1963లో లోకానికి చూపిన ఆ చిన్న డబ్బా, 1990వ దశకానికి మా పల్లెదారుల మీద తిరిగే కార్లన్నిటిలోకీ వచ్చేసింది. పెండ్లివారు కారు మాట్లాడుకొనేటప్పుడు ముందు అడిగేది “పాటలు వస్తాయా?” అని. కాదంటే వేరొక కారు దగ్గరకు పోయేవారు. నాన్న విధిలేక ఒక క్యాసెట్ యంత్రం కొని, డ్యాష్‌బోర్డు అడుగు అంచున రెండు రంధ్రాలు తొలిపించి, దానిని రేడియో కింద వేలాడదీశారు. 1999లో తెనాలిలో ఒక పెండ్లి విడిది దగ్గర దొంగలు దానిని ఎత్తుకుపోయారు. యంత్రం పోయినందుకు ఆయన అంతగా విచారించలేదు. ఇనుము మీద మిగిలిన ఆ రెండు రంధ్రాలను మాత్రం, ముఖం మీద మచ్చను తడుముకొన్నట్లు, చాలాకాలం వేలితో తడుముతూ ఉండేవారు.

అద్దె తిప్పడం మానిన తరువాత కారు ఇంటి వస్తువయింది. నీటికాసుల వ్యాధి వచ్చి నాన్న చూపు క్రమంగా మందగించింది. మొదట పత్రిక చదవడం పోయింది. తరువాత టీవీ చూడడం పోయింది. వెలుగునీడలు తప్ప వేరేమీ తెలియని స్థితికి వచ్చేసరికి ఆయనకు మిగిలింది ఆ రేడియో ఒక్కటే. ఇంట్లో వేరే రేడియో కొని పెడతామన్నా ఆయనకు రుచించలేదు. కారు సీటులో కూర్చుంటే స్టీరింగు ఎక్కడుందో, మీట ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. చూపు లేని మనిషి ఏ తడుములాటా లేకుండా మసలగలిగిన చోటు అది.

అలాంటి రేడియోకు కూడా గ్రహణం పట్టింది. కొన్నేళ్లుగా సాయంత్రమయ్యేసరికి అందులో మాటల కంటే గరగర ఎక్కువయింది. రేడియో పాడయిందని మేము అనుకొన్నాము. దోషం రేడియోది కాదు. దీపాలు పెట్టే వేళకు చుట్టుపక్కల ఇళ్లలో ఎల్.ఇ.డి. బల్బులు వెలుగుతాయి, సెల్‌ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు పనిచేస్తాయి. వాటి లోపల విద్యుత్తు క్షణానికి వేలసార్లు, లక్షసార్లు తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఆ తెగి అతికే చప్పుడు విద్యుత్ తరంగమై, దాని గుణిజాలు సరిగ్గా మీడియం వేవ్ నడిచే దారిలోనే వచ్చి పడతాయి. మీడియం వేవ్‌లో మాట తరంగపు ఎత్తుపల్లాలలో దాగి ఉంటుంది. చప్పుడు కూడా ఎత్తుపల్లాలనే చెరుపుతుంది కనుక రేడియో ఆ రెండింటినీ విడదీయలేదు. ఊరు వెలుగుతున్న కొద్దీ మా నాన్న రేడియో మూగబోయింది.

2021లో ఈ సంగతి చక్కబెట్టాలని పూనుకొన్నాను. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పుకొని బతికేవాణ్ణి. నా మొదటి ప్రయత్నం చెప్పుకొంటే నా విద్యార్థులు నవ్వుతారు. బాపట్లలో ఒక దుకాణానికి వెళ్లి, సిగరెట్ లైటరు గూటిలో గుచ్చే చిన్న యంత్రం కొని తెచ్చాను. ఫోనులోని పాటను అది ఎఫ్.ఎం. తరంగంగా మార్చి కారు రేడియోకు పంపుతుంది. తెచ్చి, గుచ్చి, రేడియో పెట్టి, అరగంట మర తిప్పాను. అప్పుడు గాని గుర్తుకు రాలేదు: ఎఫ్.ఎం. నడిచేది 88 నుండి 108 మెగాహెర్ట్జ్ మధ్య. మా రేడియో ఎక్కగలిగిన మెట్టు 1600 కిలోహెర్ట్జ్ దగ్గరే ముగిసిపోతుంది. తరగతిలో ఏటా నల్లబల్ల మీద రాసే పాఠమే!

క్యాసెట్టు ఉన్న కార్లకు ఇంకొక సులువు ఉంది. క్యాసెట్టు ఆకారంలోనే ఉండే ఒక డబ్బాకు తీగ ఉంటుంది. దాని తలలో పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని యంత్రపు తల నిజమైన టేపు అనుకొని చదివేస్తుంది. మా క్యాసెట్టును దొంగలు పట్టుకుపోయారు కాబట్టి మాకు ఆ దారి లేదు.

కార్లకు అలంకారాలు అమర్చే ఒక దుకాణంలో అడిగాను. అక్కడి కుర్రవాడు కారు చూసి, “పాతది పీకేసి, డ్యాష్‌బోర్డు కొంచెం కోసి, పెద్ద తెర పెట్టేద్దాం సార్. రెండు గంటల పని” అన్నాడు. ఆ అబ్బాయి చెప్పినదాంట్లో తప్పు లేదు. లోకంలో అందరూ చేస్తున్నది అదే. ధర కూడా అందుబాటులోనే ఉంది. ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

“ఆ తెర మీద మీటలు ఉంటాయా?” అన్నారు చివరికి.

“ఉండవు నాన్నా. అద్దం మీదే బొమ్మలు వస్తాయి, తాకితే పనిచేస్తాయి.”

“నాకు అద్దమంతా ఒకటేగా. ఏది ఎక్కడుందో వేలికెలా తెలుస్తుంది?”

నా దగ్గర సమాధానం లేదు. ఆయనే మళ్లీ అన్నారు: “దాన్ని ఊడదీయవద్దు. కావలిస్తే నీ ఫోనే తెచ్చి దీనికి తగిలించు. కారుకు ఇంకొక చిల్లు మాత్రం పెట్టకు.”

ఎవరో చెప్పగా తెనాలిలో ఒక పాత రేడియో మెకానిక్‌ను వెదుక్కుంటూ వెళ్లాను. డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి. అందరూ ఆయనను సాయిబుగారు అని పిలుస్తారు. ఇప్పుడు రేడియోలు తెచ్చేవారు అరుదు. ఎక్కువగా మిక్సీలు, టేబుల్ ఫ్యానులు బాగుచేస్తున్నారు. మా రేడియోను బల్ల మీద పెట్టగానే ఆయన ముఖంలో వచ్చిన మార్పు నేను మరచిపోలేను. ఎంతోకాలానికి ఊరి మనిషి కనబడ్డట్లు చూశారు. మొదట ఆయన అడిగిన ప్రశ్న నేను ఎదురుచూసినది కాదు. “మాస్టారూ, మీ బండి బ్యాటరీలో ఏ కొన బాడీకి కలిపి ఉంది?” అన్నారు. కొన్ని పాతకాలపు కార్లలో ధనధ్రువాన్ని దేహానికి కలిపేవారు. ఆ సంగతి చూడకుండా కొత్త పరికరం తగిలిస్తే అది క్షణంలో కాలిపోతుంది. మాది రుణధ్రువమేనని చెప్పాక గాని ఆయన మరచీల తీయలేదు.

మూత తెరిచి, భూతద్దంతో చూసి, “బతికే ఉంది, గొంతు ఎండిపోయింది” అన్నారు. అది వట్టి చమత్కారం కాదు. రేడియోలోని కొన్ని కెపాసిటర్లలో తడిగా ఉండే ద్రవపదార్థం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఆవిరై, అవి విద్యుత్తును నిలుపుకోలేకపోతాయి. ధ్వని పలచబడి, వెనుక బుంయిమనే మోత వస్తుంది. ఆయన వాటిని నాలుగింటిని మార్చారు. మార్చిన పాతవాటిని పారేయకుండా కాగితంలో చుట్టి నా చేతికి ఇచ్చారు. లెక్క అప్పజెప్పడం అన్నమాట.

“ఇప్పుడు మీ ఫోను సంగతి. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. రేడియో అంటే ఇద్దరు మనుషులు. ముందున్నవాడు ఆకాశంలోంచి మాట పట్టుకొస్తాడు. వెనకున్నవాడు దాన్ని నలుగురికీ వినబడేలా గట్టిగా చెబుతాడు. ఇద్దరికీ మధ్య ఈ వాల్యూం మర ఉందే, అది గుమ్మం. మీ ఫోనును కూడా ఆ గుమ్మం దగ్గరికే తెద్దాం. వెనకున్నవాడికి మాట ఎవరు తెచ్చారో అనవసరం.”

నేను తరగతిలో ఈ విషయాన్ని ఇంత సుబోధకంగా ఎప్పుడూ చెప్పలేదు. మీడియం వేవ్ తరంగం నుండి మాటను వేరుచేసే భాగాన్ని డిటెక్టరు అంటాము. అక్కడ నుండి వాల్యూం మరకు ఒక తీగ పోతుంది. సాయిబుగారు ఆ ఒక్క తీగ టంకాన్ని కరిగించి విడదీశారు. దాని నడుమ ఒక స్విచ్చి కలిపారు. స్విచ్చి ఒకవైపు ఉంటే డిటెక్టరు మాట, రెండవవైపు ఉంటే ఫోను మాట, రెండూ అదే మర గుండా, అదే స్పీకరుకు పోతాయి. ఫోను రెండు చెవులకు రెండు వేర్వేరు ధ్వనులు ఇస్తుంది. మా కారుకు స్పీకరు ఒక్కటే. ఆ రెండు తీగలను నేరుగా ముడివేస్తే ఫోనులోని రెండు భాగాలు ఒకదానినొకటి తోసుకొంటాయి. అందుచేత ఒక్కొక్క దారిలో ఒక్కొక్క నిరోధకం పెట్టి, ఆ తరువాత కలిపారు. రేడియో లోపలి ఏకముఖ విద్యుత్తు ఫోనులోకి దొర్లకుండా ఒక కెపాసిటరును కాపలా పెట్టారు. తీగ కూడా మామూలుది కాదు. పైన అల్లిక తొడుగు ఉన్నది. తొడుగు లేకపోతే ఇంజను మోతంతా పాటలోకి వచ్చేస్తుంది. ఈ సామగ్రి ఖరీదంతా కలిపినా నేను వృథాగా కొన్న ఆ ఎఫ్.ఎం. యంత్రం ధరలో సగం లేదు.

ఇక స్విచ్చి ఎక్కడ పెట్టాలి, ఫోను తీగ గుచ్చే గూడు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. కొత్త చిల్లు పెట్టరాదని నాన్న ఆజ్ఞ. కారు దగ్గరకు వచ్చి వంగి చూసిన సాయిబుగారు, రేడియో కింద ఉన్న ఆ రెండు పాత రంధ్రాలను చూపించి, “ఇవెందుకున్నాయి?” అన్నారు. క్యాసెట్ యంత్రం మిగిల్చిపోయిన మచ్చలలో ఒకదానిలో స్విచ్చి, రెండవదానిలో గూడు అతికినట్లు సరిపోయాయి. నాన్న వేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా స్విచ్చిని రెండుసార్లు అటూ ఇటూ వేశారు.

ఆకాశవాణి ప్రసారాలు అప్పటికే అంతర్జాలం ద్వారా ఫోనులోకి వస్తున్నాయి. ఆకాశంలో గరగరలాడే విజయవాడ కేంద్రం, ఫోను గుండా వచ్చి అదే స్పీకరులో గాజులా పలికింది. నాన్న తల కొంచెం పక్కకు వంచి విన్నారు. “గొంతు అదే. గాలి లేదు” అన్నారు. ఆ మాటకు అర్థం నాకు వెంటనే బోధపడలేదు. ఎన్నో ఏళ్లుగా ఆయన విన్న విజయవాడలో దూరం కూడా ఒక భాగం; అది ఇందులో లేదు.

ఒక చిక్కు మిగిలింది. ఫోనును తీగకు గుచ్చి, కార్యక్రమం పెట్టడానికి ప్రతిసారీ అమ్మ కారు దాకా రావలసి వచ్చేది. ఆమె మోకాళ్ల నొప్పుల మనిషి. నేను ఉత్సాహపడి, సాయిబుగారికి చెప్పకుండానే ఒక బ్లూటూత్ బిళ్ల కొని రేడియో వెనుక అమర్చాను. దానికి 5 వోల్టులు కావాలి. కారు బ్యాటరీ 12 వోల్టులు. ఆ తేడాను సరిచేసే ఒక చిన్న యంత్రాన్ని కూడా తెచ్చి కలిపాను. అమ్మ వంటింట్లో ఫోను పెడితే కారులో పాట వచ్చింది. చాలా గర్వంగా అనిపించింది.

మరునాటి ఉదయం నాన్న స్విచ్చిని రేడియో వైపు వేసి, మొదటి మీట నొక్కారు. ఈలతో కలిసిన గరగర తప్ప మరేమీ లేదు. “నీ బిళ్ల వచ్చాక విజయవాడ పారిపోయిందిరా” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమనిపించింది. ఏ తెగి అతికే విద్యుత్తు ఊరి ఇళ్లలో నుండి రేడియోను బాధిస్తున్నదో, సరిగ్గా అలాంటిదానినే నేను తెచ్చి దాని వీపు మీద కట్టాను. నేను తెచ్చిన వోల్టుల యంత్రం ఆ సూత్రం మీదే పనిచేస్తుంది.

మళ్లీ తెనాలి వెళ్లాను. సాయిబుగారు విని, తిట్టకుండా నవ్వారు. ఆ యంత్రాన్ని తీసివేసి, మూడు కాళ్ల పాతకాలపు రెగ్యులేటరు ఒకటి పెట్టారు. అది విద్యుత్తును తెంపి అతకదు. ఎక్కువైన వోల్టులను వేడిగా మార్చి వదిలిపెడుతుంది. కొంత శక్తి వృథా అవుతుంది గాని చప్పుడు చేయదు. ఆ వేడి పోవడానికి దానిని ఒక అల్యూమినియం రేకుకు బిగించారు. అంతటితో ఆగక, స్విచ్చిని కూడా మార్చి, ఒకేసారి రెండు పనులు చేసేది పెట్టారు. అందులో ఒక సగం ధ్వనిని మళ్లిస్తుంది. రెండవ సగం, రేడియో వైపు వేసినప్పుడు బ్లూటూత్ బిళ్లకు కరెంటే పోకుండా ఆపుతుంది. “ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఊరుకోవాలి కదా మాస్టారూ” అన్నారు. అడిగిన మీదట కూలి తీసుకున్నారు గాని, స్విచ్చికి డబ్బు తీసుకోలేదు.

అప్పటి నుండి మా ఇంట్లో ఒక కొత్త తగాదా మొదలయింది. ఫోను అమ్మ చేతిలో ఉంటుంది కాబట్టి, కారులో ఏది వినబడాలో నిర్ణయించే అధికారం ఆమెది. బ్లూటూత్ పది మీటర్ల దాకా పనిచేస్తుంది. మా వంటింటికీ కారు పంచకూ అంతకంటే తక్కువ దూరమే. నాన్న వ్యవసాయ కార్యక్రమం వినాలని కూర్చుంటే, ఆమె మధ్యలో ప్రవచనం పెడుతుంది. ఆయన కారులో నుండి హారను కొడతారు. ఒకసారి కొడితే వార్తలు కావాలని, రెండుసార్లు కొడితే ప్రవచనం చాలునని అర్థం. ఆమెకు నచ్చినది వస్తుంటే ఎన్నిసార్లు కొట్టినా వినబడదు. అలాంటప్పుడు ఆయన స్విచ్చిని రేడియో వైపు వేసి, ఆ గరగరనే వింటూ కూర్చుంటారు.

దేశంలో మీడియం వేవ్ ప్రసార యంత్రాలు ఇటీవలి సంవత్సరాలలో ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. ఎఫ్.ఎం.కూ, ఫోనుకూ అలవాటుపడిన శ్రోతల కోసం అంత విద్యుత్తు ఖర్చు చేయడం దండుగని లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కలు తప్పని నేను అనను. తుపాను రాత్రి సెల్ టవర్లు కూలిపోయినప్పుడు దూరాన్నుండి వచ్చే ఒక గొంతు విలువ ఎంతో లెక్క కట్టేవారు, మా బడి గోడ పక్కన మూడు రోజులు నిలబడిన ఆ ముసలమ్మను కూడా అడిగి ఉంటే బాగుండేది.

2021 వర్షాకాలంలో ఒక సాయంత్రం నేను ఊళ్లో ఉన్నాను. అమ్మ ఫోనులో ఏదో పెట్టింది, నాన్న కారులో వింటున్నారు. ఉన్నట్టుండి ఊరంతా కరెంటు పోయింది. వీధి దీపాలు ఆరిపోయాయి, పక్కింటి టీవీ ఆగిపోయింది. చిన్నగా సముద్రపు గాలి వచ్చింది. నేను లాంతరు తీసుకొని కారు దగ్గరకు వెళ్లబోతుంటే నాన్న చేయి ఊపి ఆగమన్నారు. కరెంటు పోయిన సంగతి ఆయనకు ఎలా తెలిసిందో! పక్కింటి టీవీ ఆగిపోవడం విని ఉంటారు. ఆయన స్విచ్చిని ఇటు తిప్పారు. ఫోను పాట ఆగింది. తడుముకోకుండా మొదటి మీట నొక్కారు.

ఊళ్లోని బల్బులు, ఛార్జర్లు అన్నీ ఒక్కసారిగా నోరు మూసుకొన్న ఆ చీకటిలో, చాలా ఏళ్ల తరువాత, విజయవాడ గరగర లేకుండా వచ్చింది. ఎవరో మాట్లాడుతున్నారు. మాట వెనుక సన్నగా గాలి ఉంది. నాన్న పక్క సీటు తలుపు తెరిచి, “రా, కూర్చో. కరెంటు వచ్చేదాకా వినవచ్చు” అన్నారు.